ఖాళీలు ఉన్న ఆ నోటుబుక్కు

పడి, బడి, మడి. అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా ఈ మూడు మాటలూ అనిచూడండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. నా బిడ్డ ఇన్నేళ్లుగా బళ్లో చదువుతున్నది ఈ పెదవులు చూసే. టీచర్ ముఖం కనబడితే సగం అర్థమవుతుంది. మిగతా సగం ముందూ వెనకా కలుపుకొని ఊహించుకుంటుంది. టీచర్ బోర్డు వైపు తిరిగితే అదీ పోతుంది.

పాపకు రెండున్నరేళ్లప్పుడు బేరా అనే వినికిడి టెస్టు చేయించాం. రెండు చెవుల్లోనూ 90 డెసిబెల్స్ పైనే లోపం. చట్టం లెక్కలో 70 దాటితేనే బధిరులు. సదరం క్యాంపుకు తిరిగి వైకల్య సర్టిఫికెట్ తెచ్చుకున్నాం, చెవి మెషిన్లు వచ్చాయి. ఇక అక్కడినుంచి ఎవరిని ఏం అడిగినా ఒకటే మాట: "మెషిన్ పెట్టిండ్రు కదమ్మా, ఇంకేం గావాలె?" మెషిన్ శబ్దాన్ని పెద్దది చేస్తుంది. మాటను విడదీసి చెప్పదు. ఈ ఒక్క సంగతి అర్థం చేయించడానికే నాకు ఏళ్లు పట్టాయి.

ఐదో తరగతి దాకా ఒకే టీచరమ్మ. పాప అలవాట్లన్నీ ఆమెకు తెలుసు కాబట్టి నెట్టుకొచ్చింది. ఆరో తరగతిలో హైస్కూలుకు వెళ్లాక సబ్జెక్టుకో సారు, పీరియడ్‌కో గొంతు. ఏడో తరగతిలో ఒకరోజు సైన్స్ నోట్సు తెరిచి చూస్తే ప్రతి పేజీలో సగంలో ఆగిపోయిన వాక్యాలే. "ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్" అని రాసి, రెండు గీతలు వదిలేసి, తర్వాత "కణాలకు" అని ఉంది. శ్రద్ధ లేదని కోప్పడ్డాను. అది నోట్సు నా చేతిలోంచి తీసుకుని లేచి నిలబడింది. నావైపు తిరిగి నోరు కదిపి, రాస్తున్నట్టు చేసింది. తర్వాత నాకు వీపు పెట్టి, గోడ మీద రాస్తున్నట్టు చేయి ఆడించింది. మళ్లీ ఇటు తిరిగి రెండు చేతులూ ఊపి "లేదు" అని సైగ చేసింది. సారు బోర్డు వైపు తిరిగిన ప్రతిసారీ నోట్సులో ఒక ఖాళీ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హెడ్‌మాస్టరు గారు మంచిగానే మాట్లాడారు. "స్పెషల్ టీచర్ మా చేతిలో లేదమ్మా, హైదరాబాద్‌లో బధిరుల బడిలో వేయండి" అన్నారు. మలక్‌పేటలో ప్రభుత్వ బడి ఉన్న మాట నిజమే, అక్కడికి పంపే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. కానీ మా పాప మా దగ్గరే ఉండి చదవాలని మా కోరిక. ఆ ఎంపిక మాదేనని నాకు చెప్పింది మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రంలో వాళ్లకు చదువు చెప్పే ఐఈఆర్‌పీ మేడం. రెండు మండలాలకు ఆమె ఒక్కరే, అదీ కాంట్రాక్టు ఉద్యోగం. మా బడికి నెలకు రెండుసార్లు వస్తే గొప్ప. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కాపీని జిరాక్స్ తీసి నా చేతిలో పెట్టింది ఆమే. సెక్షన్ 31 ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదివే హక్కు ఉంది. సెక్షన్ 16 బధిర పిల్లలకు వాళ్లకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చెప్పాలంటుంది. సర్కారు గుర్తింపు ఉన్న ప్రైవేటు బడికీ ఇది వర్తిస్తుంది. సెక్షన్ 17 సైగల భాష వచ్చిన టీచర్లను పెట్టమంటుంది, పరీక్షల్లో అదనపు సమయం, రెండో మూడో భాష నుంచి మినహాయింపు ఇవ్వమంటుంది.

ఇంత తెలిసి కూడా సోమవారం ప్రజావాణిలో ఇచ్చిన మొదటి అర్జీలో "దయచేసి మా పాపను ఆదుకోగలరు" అనే రాశాను. అది డీఈఓకు, అక్కడినుంచి ఎంఈఓకు, మళ్లీ మా బడికే వచ్చింది. "విద్యార్థినికి వినికిడి యంత్రం కలదు, రోజూ హాజరవుతున్నది" అని రాసి మూసేశారు. అప్పుడు నాకు వచ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. జిల్లా ఆఫీసుకు పది రూపాయల ఫీజు. మా మండలంలో వినికిడి లోపం ఉన్న పిల్లలెందరు, స్పెషల్ టీచర్ పోస్టులెన్ని, సైగల భాషలో శిక్షణ పొందినవారెవరు అని అడిగాను. ముప్పై రోజులు గడిచినా జవాబు లేదు. మొదటి అప్పీలు వేస్తే కదిలింది. చివరి ప్రశ్న ఎదురుగా ఒకే మాట: "లేరు". ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచర్, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. ఆ జవాబునూ ఈ లెక్కనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకున్నాను.

ఆ కాగితం పట్టుకునే మండలంలో ఇలాంటి పిల్లలున్న మిగతా తల్లిదండ్రుల ఇళ్లకు వెళ్లాను. ఒకాయన మేస్త్రీ పని, ఒకామె బీడీలు చుడుతుంది. "కంప్లైంట్ ఇస్తే బిడ్డను బడిలకెళ్లి తీసేస్తరేమో అక్కా" అని ఆమె భయం. సంతకానికి మూడుసార్లు తిరిగాను. చివరికి ఐదు కుటుంబాలం కలిసి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పంపాం. వకీలును పెట్టుకోలేదు. నోటీసు ఇచ్చి పిలిపించే, రికార్డులు తెప్పించుకునే అధికారం కమిషనర్‌కు ఉంది. ఈసారి "దయచేసి" అని రాయలేదు, ఒక్కో కోరిక పక్కన సెక్షన్ నంబరు రాశాను. పైసా ఖర్చు లేనివి ముందు పెట్టాను: టీచర్ ముఖం పిల్లల వైపు ఉండాలి, రాసేటప్పుడు మాట్లాడొద్దు, ముందు బెంచీ ఇవ్వాలి, పాఠం పాయింట్లు బోర్డు మీద రాయాలి.

విచారణకు సర్టిఫికెట్, వినికిడి కొలత చూపే ఆడియోగ్రామ్‌తో పాటు ఆ సైన్స్ నోట్సు కూడా తీసుకెళ్లాను. ఫైలు మీద అంతగా మాట్లాడని అధికారి నోట్సు పేజీలు మాత్రం ఒక్కొక్కటే తిప్పారు. "ఈ ఖాళీలేంటమ్మా?" అన్నారు. మా పాప ఇంట్లో చేసి చూపించినట్టే నేనూ వీపు తిప్పి చూపించాను.

రాతపూర్వకంగా వచ్చినవి: వారానికి రెండు రోజులు స్పెషల్ టీచర్, బడిలోని టీచర్లందరికీ శిక్షణ, పదో తరగతిలో భాష మినహాయింపుకూ అదనపు సమయానికీ కాగితాలు ముందే పంపే బాధ్యత బడిదే అని. రానిది సైగల భాష టీచరు. దాని కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాం.

నాకు మిగిలిన బాధ ఒకటుంది. "సైగలు నేర్పితే మాట రాదు" అని చిన్నప్పుడు ఎవరో చెబితే నమ్మి, పాప చేతులు పట్టుకుని ఆపాను. ఢిల్లీలో 2015లో మొదలైన భారతీయ సైగల భాషా కేంద్రం నిఘంటువు వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. ఇప్పుడు రాత్రి అన్నాలయ్యాక ఇద్దరం కూర్చుని రోజుకు ఐదు మాటలు నేర్చుకుంటున్నాం. బడికి ఒక సైగ, మడికి ఒక సైగ. ఒకదానితో ఒకటి కలవదు.

వచ్చే సోమవారం పక్క మండలం నుంచి ఒక తల్లి ప్రజావాణికి వస్తోంది, నన్నూ తోడు రమ్మంది. సదరం కాపీ, ఆడియోగ్రామ్ సరే, బాబు రాసిన నోట్సు ఏదైనా ఒకటి మరిచిపోకుండా సంచిలో పెట్టుకోమని చెప్పాను.