ఆకు రాలిన చోటల్లా నేల నల్లబడదు

కార్తీకమాసం వచ్చిందంటే మా కోనసీమ జనంలో సగం మంది మారేడుమిల్లి దారి పడతారు. వనభోజనాల పేరు చెప్పి మేమూ బయల్దేరాం. కార్తీకం నియమం ఉన్నవాళ్లు పులిహోర దగ్గర, లేనివాళ్లు బొంగు చికెన్ దగ్గర చేరారు. రాలిన ఆకు మట్టిలో ఎలా కలుస్తుందో చూద్దామని నేను కూరగాయలు తరిగే కత్తి పట్టుకుని చెట్ల కిందకు పోయాను.

అక్కడిది ఆకురాల్చే అడవి. టేకు, మద్ది, ఏగిస, మధ్యమధ్యలో వెదురు పొదలు. శివరాత్రి అటూ ఇటూగా ఆకు రాలడం జోరందుకుంటుంది, వేసవంతా కాళ్ల కింద కరకరలాడుతుంది. వానలు మొదలయ్యాక కరగడం మొదలెడితే, కార్తీకం నాటికి మిగిలేది పల్చటి పొరే. నిరుడు రాలిన టేకాకు ఒకటి చేతిలోకి తీసుకున్నాను. కండంతా పోయి ఈనెలు మాత్రం వలలా మిగిలాయి. దాని కింద వానపాములు వదిలిన చిన్నచిన్న మట్టి ఉండలు. కత్తితో గీరితే నాలుగు వేళ్ల లోతు వరకు ముదురు గోధుమరంగు మట్టి, పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతోంది. ఆ కింద మామూలు ఎర్రమట్టి. గోధుమరంగు ఎక్కడ ఆగిందో, ఎరుపు ఎక్కడ మొదలైందో చెప్పలేం. నేను చూడాలనుకున్నది సరిగ్గా అదే.

పి.ఇ. ముల్లర్ అని డెన్మార్క్ అటవీ నిపుణుడు ఒకాయన ఉండేవాడు. 1870ల చివర్లో అక్కడి బీచ్ (beech) అనే జాతి చెట్ల అడవుల్లో నేల తవ్వి చూసి, హ్యూమస్, అంటే ఆకూ అలమూ కుళ్లి నేలలో మిగిలే ముదురురంగు పదార్థం, అంతా ఒకటి కాదని తేల్చాడు. కొన్నిచోట్ల వానపాములు ఆకును లోపలికి లాక్కుపోయి మట్టితో కలిపేస్తాయి. అది మల్. మారేడుమిల్లిలో నేను చూసింది ఇదే. కొన్నిచోట్ల నేల పులిసిపోయి (ఆమ్లగుణం పెరిగి) వానపాములు ఉండవు, ఆకు పైనే పొరలు పొరలుగా పేరుకుని బూజు పట్టి ఉంటుంది, కింది మట్టితో కలవదు. అది మోర్. రెంటికీ మధ్యలో, చిన్న పురుగులు కొరికి వదిలిన నలుసులతో నిండినదాన్ని తర్వాతివాళ్లు మోడర్ అన్నారు. విశేషమేమిటంటే ఒకే జాతి బీచ్ చెట్ల కింద ఆయనకు రెండు రకాలూ కనిపించాయి. అంటే చెట్టు ఒక్కటే తేల్చే వ్యవహారం కాదిది. కింద ఏ నేల ఉంది, ఆ ఆకును తినేది ఎవరు అన్నది కూడా చూడాలి.

తిరుగు ప్రయాణంలో రాజమండ్రి దాటి ధవళేశ్వరం దగ్గర ఆగాం. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది ఇక్కడే. దీని దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది, డెల్టా మొదలవుతుంది. ఆషాఢంలో ఎర్రనీరు వచ్చిందంటే అందరికీ పులస గుర్తొస్తుంది గానీ, ఆ ఎరుపు ఎగువ నేలల పైమట్టే. కొండల్లో చెట్టు ఎంత పలచబడితే అంత మట్టి కిందకొస్తుంది.

ఒక లంక ఒడ్డున కోసుకుపోయిన గట్టు దగ్గర మళ్లీ కత్తి తీశాను. ఇసుక, ఒండ్రు, ఇసుక, ఒండ్రు. అక్కడక్కడా సన్నటి నల్లగీత. ఒకప్పుడు అది పైనేల. దాని మీద గడ్డి మొలిచి, ఆకు కుళ్లి, కాస్త నల్లబడేలోపే ఇంకో వరద వచ్చి కప్పేసింది. లంక నేల సారమంతా నది మోసుకొచ్చి పెట్టిందే తప్ప అక్కడ రాలిన ఆకుతో తయారైంది కాదు.

సాయంత్రానికి అంబాజీపేట దగ్గర మా బావ కొబ్బరితోటకు చేరాం. కొబ్బరి కింద కోకో వేశాడు. అడుగు పెడితే పరుపు మీద నడిచినట్టు మెత్తగా ఉంది. పైన ఎండిన కోకో ఆకులు, వాటి కింద తడిసి ముక్కలైనవి, ఆ కింద తెల్లటి బూజుదారాలు, రోకలిబండ పురుగులు, చివర్న కాఫీపొడి రంగు నలుసులు. దాని అడుగున నల్ల బంకమట్టి. ఇక్కడ మాత్రం హద్దు స్పష్టంగా తెలుస్తోంది. చూడ్డానికి ఇది మోడర్‌కే దగ్గర.

"మన నేల నలుపు చూశావా బావా? సారమంతా అందులోనే ఉంది" అన్నాడు గర్వంగా.

డెల్టాలో ఎవర్ని కదిపినా ఇదే మాట. నల్లరేగడైనా, మా బంకమట్టైనా, ఆ రంగు హ్యూమస్ వల్లే వచ్చిందనుకోవడం పొరపాటు. నల్లనేలల్లో సేంద్రియ కర్బనం (హ్యూమస్ ఎంతుందో దీంతోనే అంచనా వేస్తారు) చాలాచోట్ల ఒక శాతం కూడా ఉండదు. ఆ నలుపులో బంకమట్టి, ఖనిజాల పాలు చాలా ఎక్కువ. పోషకాల్ని, తడిని పట్టి ఉంచే గుణం కూడా ఆ బంకదే. మారేడుమిల్లి ఎర్రమట్టికి ఆ వసతి తక్కువ, అందుకే అక్కడ నాలుగు వేళ్ల గోధుమరంగు పొర పోతే అడవి బతుకు కష్టం. పోడు కొట్టిన వాలు మీద ముందు కొట్టుకుపోయేదీ అదే.

"అయితే ఈ ఆకంతా ఊడ్పించి గట్టు మీద పోయించనా? పాములు చేరతాయని మీ చెల్లి ఒకటే గొడవ" అన్నాడు బావ.

ఆకు జోలికి పోవద్దన్నాను. కలుపు రాకపోవడం, తడి ఆరకపోవడం దాని పుణ్యమే. తీయాల్సినవి కుళ్లిన కాయలు. నల్లకాయ తెగులు వాటి నుంచే పాకుతుంది. మర్నాడు కూలీలు వచ్చేసరికి బావ ఆకుల పని మాన్పించి, ముందు నల్లబడిన కాయలు కోయించడం మొదలుపెట్టాడు. పాముల సంగతి చెల్లికి ఆయనే సర్దిచెప్పుకోవాలి.