మాత్ర ఇంటిల్లిపాదికీ

రాత్రి మంచమెక్కితే చాలు, వెనక దురద మొదలయ్యేది. పగలంతా ఏమీ ఉండదు. పైకి చెప్పుకునే చోటు కాదు కాబట్టి మా ఆయనకు కూడా చెప్పలేదు. నిద్ర చాలక ఆఫీసులో కళ్లు మూతలు పడేవి. ఒకటో తరగతి చదివే మా బాబు కూడా నిద్రలో గోక్కుంటూ కనబడ్డాక ఇద్దరం కలిసే డాక్టరు దగ్గరికి వెళ్లాం.

మల పరీక్షలో ఏమీ తేలలేదు. "అందులో దొరకడం తక్కువేనండీ. పొద్దున లేవగానే, స్నానం చేయకముందే, సెలోటేప్ ముక్క అక్కడ అద్ది తీసుకురండి" అన్నారావిడ. మావాడికి అదో నవ్వులాట. ఆ టేపు మీదే, మైక్రోస్కోపులో, నులిపురుగుల గుడ్లు కనిపించాయి. ఆడపురుగు రాత్రిపూట బయటికొచ్చి మలద్వారం చుట్టూ వేలకొద్దీ గుడ్లు పెడుతుందట. దురద అందుకే. గోకితే అవి గోళ్లలోకి, గోళ్లనుంచి నోట్లోకి.

చీటీలో ఇద్దరికీ ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒకటి, రెండు వారాలకు ఇంకొకటి. మందు పురుగుల్ని చంపుతుంది గానీ గుడ్ల మీద అంతగా పనిచేయదు, అందుకే రెండో మాత్ర. ఇంతవరకూ బాగానే ఉంది. ఇంట్లో అందరూ ఒకేసారి వేసుకోవాలన్నారు చూడండి, అక్కడొచ్చింది చిక్కు.

"నేనేమన్నా మట్టిలో ఆడుతున్నానా? నాకెందుకమ్మా?" అన్నారు అత్తయ్య. "అయినా వాడికి బళ్లో వేశారుగా!" నిజమే, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో ఇచ్చేదీ ఈ మాత్రే. కానీ అది వాడొక్కడికి, ఒక్కసారి. ఇంట్లో ఎవరో ఒకరికి మిగిలితే మళ్లీ అందరికీ అంటుకుంటుంది. ఎంత చెప్పినా ఆవిడ వింటేనా!

వేవిళ్లతో పుట్టింటికొచ్చిన మా ఆడపడుచు సంగతి అడిగితే, మూడో నెల కూడా నిండలేదు కాబట్టి ఆ అమ్మాయికి మాత్ర వద్దన్నారు డాక్టరు. అది విన్నాక అత్తయ్య మారు మాట్లాడలేదు. "అది వేసుకోకూడదంటే మనమన్నా వేసుకోవాలిగా, దానికి అంటకుండా" అని మాత్ర నమిలి, మొహం అదోలా పెట్టి మంచినీళ్లు తాగారు.

మాత్రకన్నా చాకిరీ ఎక్కువ. దుప్పట్లు బాల్కనీలో దులపడం మా ఇంటి అలవాటు. దులిపితే గుడ్లు గాల్లోకి లేస్తాయని, అలాగే మడిచి వేడినీళ్లలో ఉతకమన్నారు. అందరి గోళ్లూ కత్తిరించాం. పొద్దున్నే స్నానం, లోదుస్తులు రోజూ మార్చడం.

మొదటి మాత్రకు నాకు కాస్త కడుపులో నొప్పి వచ్చి తగ్గింది. దురద ఆ రాత్రికే పోలేదు, మెల్లగా తగ్గుతూ వచ్చింది. రెండోది కూడా అందరం కలిసే వేసుకున్నాం. దురద మళ్లీ రాకపోతే పరీక్ష అక్కర్లేదన్నారు డాక్టరు. రాలేదు. మా ఆడపడుచుకి అసలు అంటనే లేదు.