92వ గడి నిండింది

మా ఇంట్లో రసాయన మూలకాల నమూనాలు పెట్టుకునే అరలో 92వ గడి, అంటే యురేనియం గడి, ఇన్నాళ్లూ ఖాళీ. యురేనియం లోహమే పెట్టాలని ఆశ. కానీ ఇక్కడ అమెరికాలో జనరల్ లైసెన్సు (విడిగా దరఖాస్తు లేకుండా కొద్దిపాటి యురేనియం ఉంచుకోనిచ్చే అనుమతి) నిబంధన చదివితే కంపెనీలు, విద్యా, పరిశోధన, వైద్య సంస్థలు, ప్రభుత్వ శాఖలే ఉన్నాయి. ఇంట్లో సేకరించుకునేవాళ్ల ఊసే లేదు. పైగా ఆ లోహం గాలికి నల్లబడి పొడి రాలుస్తుంది. అది ఒంట్లోకి వెళ్తే కిడ్నీలకు విషం, ఆకురాయితో గీస్తే నిప్పురవ్వలు. పిల్లలున్న ఇంట్లో ఆ టెన్షన్ నాకొద్దు.

అందుకే పాత యురేనియం గాజు గిన్నె కొన్నాను. దీనికి లైసెన్సు అక్కర్లేదు. యూవీ లైటు వేయగానే లేత పసుపు గిన్నె ఆకుపచ్చగా వెలిగిపోయింది! ఆ వెలుగు రేడియేషన్‌ది కాదు, గాజులో కలిసిన యురేనిల్ అయాన్లది (యురేనియం, ఆక్సిజన్ కలిసిన విద్యుదావేశ కణాలు). అందులో తినం, తాగం. పగలకుండా అద్దాల బీరువాలో పెట్టాం. మా అమ్మాయి రోజూ లైటు వేయమంటోంది.