సంచి మార్చడం నేర్పిన సిస్టర్

నాకు రెక్టమ్‌లో, అంటే పెద్దపేగు చివరి భాగంలో, క్యాన్సర్ అని తేలాక ముందు రేడియేషనూ కీమో మాత్రలూ అయ్యాయి, తర్వాత ఆపరేషన్. గడ్డ తీసేసి పేగు మళ్లీ కలుపుతాం, ఆ అతుకు మానేదాకా మోషన్ అటు వెళ్లకుండా చిన్నపేగుని పొట్ట మీదకి తీసి సంచి పెడతాం, ఇలియోస్టమీ అంటారు, కొన్ని నెలలకి మళ్లీ లోపల పెట్టేస్తాం అన్నారు డాక్టర్ గారు. క్యాన్సర్ అన్నప్పుడు కూడా అంత ఏడవలేదు గానీ పొట్ట మీద సంచి అనేసరికి తట్టుకోలేకపోయాను.

ఆపరేషన్‌కి ముందు స్టోమా నర్స్ అని ఒక సిస్టర్ వచ్చింది, పొట్ట మీదకి తీసిన పేగు మూతినే స్టోమా అంటారు. అమ్మా కూర్చోండి, నిలబడండి, ఇప్పుడు వంగండి అంటూ పొట్ట మడతలు ఎక్కడ పడుతున్నాయో చూసి, చీర కుచ్చిళ్లు ఎక్కడ దోపుతారు, లంగా బొందు ఎక్కడ కడతారు అని అడిగి మరీ, అది తగలని చోట కుడివైపు మార్కర్‌తో గుర్తు పెట్టింది. మీ కళ్లకి మీకు కనపడాలమ్మా, లేకపోతే ఇంటికెళ్లాక సొంతంగా మార్చుకోలేరు అంది. అప్పుడు ఇదంతా ఎందుకో అనిపించింది. తర్వాత ఓపీలో ఒకాయన కలిశాడు, ఆయనకి ముందుగా ఎవరూ గుర్తు పెట్టలేదట, సరిగ్గా బెల్టు కట్టుకునే చోట వచ్చింది, రోజూ లీకేజీనే. ఆపరేషన్ డేట్ ఇచ్చినప్పుడే ఈ గుర్తు సంగతి అడగండి, దయచేసి.

ఆపరేషన్ అయ్యాక నేను దుప్పటి తియ్యనివ్వలేదు. సిస్టర్ తొందరపెట్టలేదు, పక్కన కూర్చుని, మన బుగ్గ లోపల పొర ఉంటుంది చూడండి, స్టోమా కూడా అలాగే ఎర్రగా తడిగా ఉంటుంది అంతే, తాకండి, నొప్పి తెలియదు, దానికి ఆ నరాలు ఉండవు అంది. తుడిచేటప్పుడు కాస్త నెత్తురు అంటుకున్నా కంగారు పడొద్దంది, నల్లగా గానీ ఊదాగా గానీ మారితే మాత్రం ఆ క్షణమే హాస్పిటల్‌కి రావాలంది. మా ఆయన్ని కూడా బయటికి పంపలేదు, సార్ మీరూ గ్లౌజులు వేసుకోండి అని కత్తెర చేతికిచ్చింది. ఆ రోజు నుంచి ప్లేట్, అంటే స్టోమా చుట్టూ చర్మానికి అంటించే సంచి అడుగుభాగం, కత్తిరించడం ఆయన పనే.

సంచి మారుస్తూ చెప్పింది, 1954లో డెన్మార్క్‌లో ఎలీస్ సోరెన్సెన్ అనే నర్సు తన తోడబుట్టినావిడకి స్టోమా వస్తే, బయటికి వెళ్లడానికి ఆవిడ పడే భయం చూడలేక ఈ అంటుకునే సంచి ఆలోచన చేసిందట. అది విని నాకు కొంచెం ధైర్యం వచ్చింది, నాలాగే భయపడినావిడ కోసం పుట్టిందన్నమాట ఇది.

ఇంటికొచ్చాక అసలు కష్టాలు. దగ్గర్లో ఒక క్లినిక్‌లో మార్పిస్తే ప్లేట్‌కి కన్నం పెద్దగా కత్తిరించి చుట్టూ ప్లాస్టర్ వేసేశారు, రెండు రోజుల్లో చర్మం కాలినట్టు అయిపోయింది. చిన్నపేగు నుంచి వచ్చే నీళ్లలో అరిగించే రసాలు ఉంటాయి కదా, అవి చర్మాన్ని తినేస్తాయి. వీడియో కాల్‌లో సిస్టర్ చూసి, కన్నం స్టోమా కంటే 2, 3 మిల్లీమీటర్లే ఎక్కువ ఉండాలి, వాపు 6 నుంచి 8 వారాల దాకా తగ్గుతూ ఉంటుంది కాబట్టి ప్రతిసారీ కొలవాలి అని చెప్పింది. డెటాల్ వద్దు, స్పిరిట్ వద్దు, కొబ్బరినూనె అసలే వద్దు, అది రాస్తే ప్లేట్ అంటుకోదు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, తడి లేకుండా అద్ది, స్టోమా పౌడర్ చల్లి, ఎక్కువైంది దులిపేసి, ప్లేట్ అంటించాక అరచెయ్యి వేడి తగిలేలా కాసేపు పట్టుకోవాలి. పొద్దున్నే ఏమీ తినకముందు మార్చుకుంటే సులువు, అప్పుడు తక్కువ వస్తుంది. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేస్తే బరువుకి ఊడదు.

ఎండాకాలంలో ఇంకో గండం. నీళ్లలా పోతూనే ఉంది, పిక్కలు పట్టేస్తున్నాయి, కళ్లు తిరుగుతున్నాయి, దాహం అని బిందెడు నీళ్లు తాగుతున్నాను. ఉత్త నీళ్లు తాగేకొద్దీ ఇంకా పోతుందమ్మా, ఒంట్లో ఉప్పు కూడా పోతుంది, ఓఆర్ఎస్ తాగండి, ఉప్పేసిన గంజి, మజ్జిగ తాగండి, సంచిలోకి వచ్చేది మగ్గుతో కొలిచి రోజుకి లీటరున్నర దాటితే ఫోన్ చెయ్యండి అంది సిస్టర్. సగ్గుబియ్యం, అరటిపండు, మెత్తటి అన్నంతో చిక్కబడింది. కొబ్బరి, మొక్కజొన్న, పుట్టగొడుగులు మాత్రం అడ్డుపడతాయని మొదట్లో ముట్టుకోనివ్వలేదు.

నేను దేవుడి గదిలోకి వెళ్లొచ్చో లేదో అని మా అత్తగారు సందేహపడ్డారు. ఆ మాట సిస్టర్‌కి చెప్తే ఆవిడకే ఫోన్ ఇమ్మని, సరిగ్గా అంటిస్తే వాసన కూడా బయటికి రాదు పెద్దమ్మా, మనందరి పొట్టలోనూ ఉండేదే కదా అని ఎంత ఓపిగ్గా చెప్పిందో. మర్నాడు దీపం నేనే పెట్టాను.

అతుకు మానిందని ఎక్స్‌రేలో చూసి స్టోమా మూసేశారు. మూసేస్తే అంతా మామూలైపోతుంది అనుకోకండి, చాలా నెలలు మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెత్తాల్సి వచ్చింది, కింద మంట. దానికీ సిస్టరే క్రీము రాసుకోమని, కండరాలు బిగించి వదిలే ఎక్సర్‌సైజు నేర్పింది, ఇప్పుడు చాలా నయం. మిగిలిన ప్లేట్లూ సంచులూ తీసుకెళ్లి ఆమెకే ఇచ్చాను, ఎక్స్‌పైరీ డేట్లు చూసుకుని, కొనుక్కోలేని పేషెంట్ల కోసం బీరువాలో పెట్టుకుంది.