పచ్చి కందికాయలూ, నలభై నిమిషాల టేపూ

పొద్దున రైతుబజారు నుంచి రెండు కిలోల పచ్చి కందికాయలు తెచ్చాను. భోజనాలయ్యాక అమ్మా నేనూ వరండాలో చాప వేసుకుని ఒలవడానికి కూర్చున్నాం. చేతులకే కదా పని అని, వారం రోజులుగా వినాలనుకుంటున్న టేపు ఫోన్‌లో పెట్టాను. ఫార్సీ నాకు రాదు, అనువాదం ముందే రెండుసార్లు చదివి ఉన్నాను కాబట్టి ఎక్కడ ఏ మాట నడుస్తోందో కొంత అందుతోంది.

గొంతు ఇరాన్ మతపండితుడు ఆయతుల్లా హుస్సేన్ అలీ మొంతజరీది. 1988 ఆగస్టు 15న నలుగురు అధికారులను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతున్నారు. ఆ వేసవిలో ఇరాన్ జైళ్లలో, అప్పటికే శిక్ష పడి అనుభవిస్తున్న ఖైదీలను మళ్లీ పిలిచి, నాలుగు ప్రశ్నలడిగి, ఉరి తీస్తున్నారు. వేలమందిని. ఆదేశం అప్పటి దేశాధినేత ఖొమైనీది, టెహ్రాన్‌లో అమలు చేసేది ఈ నలుగురి కమిటీ.

"ఎవర్రా ఆయన, మొహర్రం అన్నాడు?" అంది అమ్మ ఉన్నట్టుండి. తన చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో పీర్లు లేచేవి, అందుకే ఆ ఒక్క మాట పట్టుకుంది. అవునమ్మా, మొహర్రం నెల మొదలైంది, కనీసం ఈ నెలయినా ఆపండి అంటున్నాడు అని చెప్పాను. చరిత్రలో మీ పేర్లు నేరస్థుల పక్కన రాస్తారని ఆ నలుగురి మొహం మీదే అన్నారు.

అన్నదెవరంటే, ఆ రాజ్యానికి కాబోయే అధినేత. నజఫాబాద్‌లో పేద రైతు కుటుంబంలో 1922లో పుట్టి, ఆ పల్లె యాసను చివరిదాకా వదలని మనిషి. మతవిద్యకు పేరున్న ఖుమ్ నగరంలో ఖొమైనీ దగ్గర చదువుకుని, ఇరాన్ రాజు షా కాలంలో జైలుకెళ్లి, 1979లో రాజ్యాంగం రాసిన సభకు అధ్యక్షత వహించారు. మతపండితుడే రాజ్యం నడపాలన్న సిద్ధాంతం మీద అరబీలో నాలుగు సంపుటాలు రాశారు. 1985లో ఖొమైనీ వారసుడిగా ఎంపికయ్యారు. తను కట్టిన ఇంట్లోనే నిలబడి, ఇది తప్పు అన్నారు.

ఖుమ్ మదర్సాల్లో పై తరగతి పాఠాల గురించి చదివింది గుర్తొచ్చింది. గురువు చెబుతుండగా శిష్యుడు మధ్యలో ఆపి "ఇష్కాల్" తీస్తాడు, అంటే అభ్యంతరం. అది అమర్యాద కాదు, అక్కడ చదువంటేనే అది. మొంతజరీ రాజకీయాల్లోకి కూడా ఆ అలవాటునే తెచ్చుకున్నారనిపిస్తుంది నాకు. ఉరులు ఆపమని గురువుకే ఉత్తరాలు రాశారు. 1989 మార్చిలో పదవి పోయింది, ఆఫీసుల్లో ఆయన పటాలు దించేశారు. జూన్‌లో ఖొమైనీ చనిపోయారు. అంటే ఇంకొన్ని నెలలు నోరు మూసుకుని ఉంటే చాలు, దేశం చేతికొచ్చేది. ఈ లెక్క దగ్గర ఎన్నిసార్లయినా ఆగిపోతాను.

తర్వాత కూడా ఊరుకోలేదు. 1997లో, ఖొమైనీ తర్వాత అధినేత అయిన ఖమేనీని విమర్శించినందుకు 2003 దాకా గృహనిర్బంధం. బయటికొచ్చి మళ్లీ పాఠాలు. 2009 డిసెంబరులో పోయినప్పుడు ఖుమ్ వీధులు పట్టనంత జనం. ఈ టేపును కొడుకు అహ్మద్ 2016లో బయటపెట్టి, అందుకు శిక్ష కూడా వేయించుకున్నాడు.

అమ్మకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకా చెప్పనే లేదు. 1981లో టెహ్రాన్‌లో ఖొమైనీ అనుచరుల పార్టీ ఆఫీసులో బాంబు పేలి డెబ్భై మందికి పైగా చనిపోయారు. అందులో మొంతజరీ పెద్ద కొడుకు మొహమ్మద్ ఉన్నాడు. అది ప్రభుత్వంపై ఆయుధం పట్టిన ముజాహిదీన్ అనే సంస్థ పనే అంది ప్రభుత్వం. 1988లో ఉరి తీసినవాళ్లలో ఎక్కువమంది ఆ ముజాహిదీన్ ఖైదీలే.

అమ్మ ఒలవడం ఆపేసింది. "కొడుకును చంపారన్న వాళ్ల కోసమా ఈయన అడుగుతోంది?"

"అవును."

కాసేపు మాట్లాడలేదు. ఒళ్లో పడ్డ తొక్కలు దులుపుకుంటూ, "వాళ్లావిడ ఉందా?" అంది.

ఆయన పోయిన కొద్ది నెలలకే ఆమె కూడా పోయారని చెప్పాను.

పుచ్చిన కాయ ఒకటి ఏరి పక్కన పడేసి, చాట తన వైపు లాక్కుంది. "మొహర్రం అన్నాడే, అక్కడ్నుంచి మళ్లీ పెట్టు" అంది.