వ్యసన చికిత్స చేసేవారికి అందుబాటులో చదువు

విశాఖపట్నంలో మద్యం, గంజాయి బాధితులతో పనిచేసే కౌన్సెలర్లకూ నర్సులకూ డిగ్రీ చేతికి రాగానే చదువు ముగిసిపోదు. కానీ శిక్షణ కోసం బెంగళూరు వెళ్లాలంటే రైలు ఛార్జీలు, బస ఖర్చు, కోల్పోయే జీతం కలిసి చిన్న ఉద్యోగి మీద పెనుభారమే అవుతాయి.

అందుకే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఇచ్చే ఆన్‌లైన్ శిక్షణ నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. 2003లో అమెరికాలోని న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టర్ సంజీవ్ అరోరా హెపటైటిస్ సి చికిత్స కోసం మొదలుపెట్టిన ‘ఎకో’ పద్ధతినే నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకూ అన్వయించారు. దూరప్రాంతాల వైద్య సిబ్బంది, రోగి పేరు బయటపెట్టకుండా, అతని పరిస్థితిని ఆన్‌లైన్‌లో వివరిస్తే, నిపుణులతో పాటు తోటివారూ దానిపై చర్చిస్తారు. పుస్తకం ఎంత చదివినా ఈ చర్చకు సాటిరాదని నా నమ్మకం.

ఉదాహరణకు, ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చిన మనిషిని “ఎందుకు తాగుతున్నావు?” అని నిలదీస్తే తల దించుకుంటాడు. “తాగుడు తగ్గితే ఇంట్లో ముందుగా ఏం మారాలని మీకుంది?” అని అడిగితే మాట కలుపుతాడు. మారాలన్న కోరికను రోగి నోటే పలికించే పద్ధతి ప్రేరణాత్మక సంభాషణ; అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన దీనిలో ఇలాంటి ప్రశ్నలే కీలకం. పదేపదే సాధన చేస్తేనే అవి నోటికి వస్తాయి.

మద్యం హఠాత్తుగా మానినవారిలో రెండు మూడు రోజులకు తలెత్తే సన్నిపాతం లాంటి స్థితి (వణుకు, మతి తప్పిన మాటలు, లేనివి కనిపించడం) ప్రాణాంతకం కావచ్చు కనుక, దాన్ని గుర్తించడం రాత్రి డ్యూటీ నర్సుకు తప్పనిసరిగా తెలియాలి. ఫీజు తక్కువైనంత మాత్రాన సరిపోదు. ఈ ఆన్‌లైన్ తరగతుల సమయాన్ని యాజమాన్యాలు డ్యూటీగానే లెక్కించాలి.