కోతులు, ఇంటర్‌ఫెరాన్, నేను చెప్పిన సగం జవాబు

పోయిన వారం ఇంటర్ సెకండియర్ క్లాసులో ఒకమ్మాయి లేచి, "సార్, ఒకసారి వైరస్ తగిలిన కణం రెండోసారి ఇంటర్‌ఫెరాన్ ఎక్కువ చేస్తదా, తక్కువ చేస్తదా?" అని అడిగింది. ఇంటర్‌ఫెరాన్ అంటే వైరస్ తగిలిన కణం వదిలే హెచ్చరిక ప్రొటీన్. బెల్లు కొట్టే టైం. "ఎక్కువే తల్లీ, అలవాటైతది గదా" అని చాక్‌పీస్ పెట్టేసి వచ్చాను. హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర బండి ఆపగానే అనుమానం మొదలైంది.

ఇంటికొచ్చేసరికి వాడంతా కోతులు. మిరపకాయలు ఆరబోసిన మేడ మీదకి గుంపు దిగింది. మూలింటి అత్తమ్మ గరిటెతో స్టీలు కంచం టంగుటంగున కొట్టింది, ఆమె కాయలు ఎలాగూ పోయాయి గానీ మిగతా ఇళ్లవాళ్లు టపటపా తలుపులేసుకుని, ఆరేసినవన్నీ లోపలికి లాక్కున్నారు. ఇంటర్‌ఫెరాన్ అంటే ఆ కంచం చప్పుడే, సోకిన కణం చాలావరకు పక్కకణాల కోసం కొడుతుంది.

మర్నాడు కోతులొస్తే కంచం తలుపు పక్కనే ఉంటుంది. కణంలోనూ అంతే. ఇంటర్‌ఫెరాన్ తయారీని పెంచే ఐఆర్‌ఎఫ్7 అనే ప్రొటీన్ చాలా కణాల్లో మామూలుగా కొంచెమే ఉంటుంది, ఇంటర్‌ఫెరాన్ తగిలాక పెరుగుతుంది, వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టే రిగ్-ఐ కూడా పెరుగుతుంది, దాంతో తర్వాత వచ్చిన వైరస్‌కి ఇంటర్‌ఫెరాన్ త్వరగా, ఎక్కువగా వస్తుంది. దీన్ని ప్రైమింగ్ అంటారు. ఇంతవరకు నా జవాబు కరెక్టే.

మరి నేను మర్చిపోయిందేంటంటే, 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఇంటర్‌ఫెరాన్‌ను కనిపెట్టింది వేడితో చంపేసిన ఫ్లూ వైరస్‌తో, కోడిగుడ్డు పొర ముక్కల మీద. ఆ పొరకి ముందుగా బతికున్న వైరస్ ఎక్కించి, తర్వాత చచ్చిన వైరస్ ఇస్తే ఇంటర్‌ఫెరాన్ రావడం లేదని 1960లో లిండెన్‌మనే చూపించాడు. ఎందుకో అప్పుడు తెలియదు. ఇప్పుడైతే ఫ్లూ వైరస్ కణంలో దూరాక ఎన్‌ఎస్1 అనే ప్రొటీన్ తయారుచేసి రిగ్-ఐ నోరు నొక్కేస్తుందని తెలుసు. కోతి వస్తూనే కంచం ఎత్తుకుపోయినట్టు. అంటే ముందు తగిలింది ఏ వైరస్, బతికుందా చచ్చిందా, ఎన్నాళ్ల కింద తగిలింది, ఇవన్నీ చూడకుండా "ఎక్కువే" అనడం నా బద్ధకం.

యేల్ యూనివర్సిటీ వాళ్లు 2020లో మనిషి శ్వాసనాళపు కణాలకి ముందు జలుబు వైరస్ రైనోవైరస్‌ను, మూడు రోజులాగి ఫ్లూను ఇచ్చారు. ఫ్లూ సరిగ్గా పెరగలేదు. ఇంటర్‌ఫెరాన్ స్పందనను మందుతో ఆపితే మళ్లీ పెరిగింది. ఇది యాంటీబాడీల లాంటి జ్ఞాపకం కాదు, ఏ వైరస్ అని చూడదు, కొద్ది రోజులే ఉంటుంది. కాబట్టి దయచేసి ఎవరూ కావాలని జలుబు అంటించుకోకండి, వాట్సాప్‌లో అలాంటివి బాగా తిరుగుతాయి.

మర్నాడు క్లాసులో నా తప్పు ఒప్పుకుని ఇదంతా చెప్పాను. "మరి రోజూ కోతులొస్తే సార్?" అంది ఆ అమ్మాయి. రోజూ వస్తే అత్తమ్మ కంచం కొట్టినా ఎవరూ లేవరమ్మా, కణంలో కూడా ఇంటర్‌ఫెరాన్ చాలాసేపు తగులుతుంటే యూఎస్‌పీ18 అనే ప్రొటీన్ పెరిగి, ఇంటర్‌ఫెరాన్‌ను అందుకునే రిసెప్టర్ దగ్గర కూర్చుని ఆ చప్పుడును సరిగా వినపడనివ్వదు అన్నాను.

"నీట్‌లో వస్తదా సార్?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. రాదన్నాను. పెన్నులు కిందపెట్టేశారు.